ఎడమకాలి చెప్పు

చాటలో బీడీలు తగ్గడం లేదు. శంకరవ్వ మనసులో పురుగు దొలవడం అక్కడే మొదలైంది.

పెళ్ళయినప్పటి నుంచీ అంబదాస్‌ది ఒకటే అలవాటు. పొద్దున కరెంటుతో బట్ట నేసే సాంచాల షెడ్డుకు పోయేముందు, ఆమె ఒళ్ళోని చాట మీదికి వంగి, కూలికి చుట్టి పెట్టిన బీడీల్లోంచి గుప్పెడు తీసి అంగి జేబులో వేసుకుంటాడు. ఆమె కత్తెర చూపించి, "బీడీల టేకేదారుకు లెక్క తక్కువొస్తె నీ అక్క ఇస్తదా?" అని తిడుతుంది. అతను నవ్వుకుంటూ పోతాడు. ఆ తిట్టు పడనిదే ఆ ఇంట్లో తెల్లవారినట్టు ఉండదు. అట్లాంటివాడు కొన్నాళ్ళుగా చాట దిక్కే చూడకుండా, గోడవార నుంచి దాటి, చెప్పులు తొడుక్కొని పోతున్నాడు.

ఇంకొకామె అయితే పీడ విరగడైందని కొబ్బరికాయ కొట్టేది. శంకరవ్వ కొట్టే రకం కాదు. బేరమాడకముందే ధర తగ్గిస్తే, వంకాయ విరిచి పురుగుందేమో చూసే మనిషి.

బీడీ ఒక్కటే అయితే సరిపెట్టుకునేదేమో. అన్నం దగ్గర ఇంకో తమాషా. మామిడికాయ తొక్కు లేనిదే ముద్ద దిగనివాడు, తొక్కు గిన్నెను వేలితో అవతలికి జరిపేస్తున్నాడు.

"ఏమైంది, తొక్కు బూజు పట్టిందా?"

"తినబుద్ధయితలేదు."

"పప్పుల గుడ ఉప్పు ఏసుకుంటలేవు. డబ్బనే ముడుతలేవు."

"సాలిందిలేవే."

తన వంటలో ఉప్పు చాలిందని అంబదాస్ అనగా ఆమె ఇదే మొదటిసారి వినడం. ఎక్కడో ఎవరో రుచిగా వండి పెడుతుంటే తప్ప మగవాడికి ఇంట్లో చప్పిడి కూర సరిపోదు. పైగా, షెడ్డు తెరవడానికి ఎంతో ముందే ఇల్లు కదులుతున్నాడు. ఎటు పోతున్నవంటే, "గట్ల కట్ట దాక" అంటాడు. పొద్దుందాకా సాంచాల సందుల్లో నిలబడీ తిరిగీ కాళ్ళు వాచే మనిషికి వాగు కట్ట మీద ఏం పని? ఆ కట్టకు పోయే దారిలోనే కల్లు డిపో ఉంది. ఈ సంగతి సిరిసిల్లలో చిన్నపిల్లలకు కూడా తెలుసు.

కిందటి నెల వేములవాడ రాజన్న గుడి మెట్ల మీద, తన నెత్తిన చెయ్యి పెట్టించి, కల్లు ముట్టనని ఒట్టు వేయించింది. అతను ఎదురు చెప్పకుండా వేశాడు. అంత తేలిగ్గా వేయడమే ఇప్పుడు ఆలోచిస్తే ఆమెకు మింగుడు పడటం లేదు.

ఎదురింట్లో ఉండే ఆడబిడ్డ భూమవ్వ దగ్గర ఈ మాట తీసింది. అంబదాస్‌కు అక్క ఆమె, తమ్ముడంటే ప్రాణం, నోరు మాత్రం మైకు.

"కల్లు ఇడిసిండు, బీడీ ఇడిసిండు, తొక్కు ఇడిసిండు," అంది భూమవ్వ, వేళ్ళు ముడుస్తూ. "మగోడు ఒక్కపారే గిన్ని ఇడిసిపెట్టిండంటే, పిల్లా, ఇంకేదో పట్టుకున్నట్టే."

"నాకు గుడ గదే అనిపిస్తుంది వదినె."

"పైలం మరి. కండ్లు తెరుసుకోని ఉండు."

ఆ సలహా శంకరవ్వకు అక్కర్లేదు. ఆమె కళ్ళు మూసుకున్నది ఎప్పుడు గనక?

మధ్యాహ్నం టిఫిన్ డబ్బా పట్టుకొని షెడ్డుకు పోయింది. స్కూలు డ్రెస్సుల బట్ట ఆర్డరు వచ్చి సాంచాలన్నీ ఒక్కసారే నడుస్తున్నాయి. ఆ చప్పుడులో మాట వినపడదు. అక్కడ అందరూ చేతులతో, కనుబొమలతో మాట్లాడుకుంటారు. గాలిలో నూలు ధూళి ఎగురుతోంది. అంబదాస్ చివరి వరసలో, ఆగిన సాంచా ముందు నిలబడి ఉన్నాడు. కండెలో నూలు అయిపోయింది. పోగును అటూ ఇటూ మోసే నాడెను బయటికి తీశాడు, ఖాళీ కండె తీసి కొత్త కండె ఎక్కించాడు, పోగు కొసను నాడె కన్నుకు ఆనించి, రెండో వైపు నోరు పెట్టి పీల్చాడు.

సాంచా పని చేసే ఎవరైనా చేసేదే ఇది. ఒక్క పీల్పుకు పోగు ఇవతలికి వచ్చేస్తుంది. అంబదాస్ నిద్రలో కూడా చేయగలడు.

పోగు రాలేదు. మళ్ళీ పీల్చాడు. రాలేదు. నాడెను కళ్ళ ముందు పెట్టుకొని, అది ఎవరిదో అన్నట్టు చూశాడు. మూడోసారి పెదాలు ఆనిస్తుండగా ఎడమ చెయ్యి వదులైపోయి నాడె గచ్చు మీద పడింది. వంగి తీసుకోబోయి, తీసుకోలేక, ఇటు తిరిగాడు. నోటి ఎడమ కొస కిందికి జారి ఉంది.

"శం... కవ్వ..." అన్నాడు. నోట్లో ముద్ద పెట్టుకొని మాట్లాడినట్టుంది.

డబ్బా కింద పెట్టి ఉరికింది. షెడ్డు ఆసామి ఓంప్రకాశ్ వచ్చి సాంచాలు ఆపించాడు. చప్పుడు ఆగేసరికి అందరి నోళ్ళూ ఒక్కసారే లేచాయి.

"కల్లు బందు పెట్టిండు గద, గదే," అన్నాడొకడు.

"మొన్నటిదాక సీసలకు సీసలు పోసి ఒక్కపారే బందు పెడితె నరాలు ఒప్పుకుంటయా? మా బాపుకు గుడ గిట్లనే నాలికె మొద్దువారింది. ఒక సీసా పట్టిస్తే లేసి కూసున్నడు."

అది ఆ షెడ్డులో అందరికీ తెలిసిన సంగతి. మత్తుమందు కలిపిన ఆ కల్లు దొరకని రోజుల్లో చేతులు వణకడం, మెడలు వంకర పోవడం, తలాతోకా లేని మాటలాడటం వాడవాడలో చూసినవాళ్ళే అందరూ. ఎవరో అప్పటికే సీసా కోసం సైకిలెక్కారు. అది వచ్చేసరికి శంకరవ్వ భర్త తలను ఒళ్ళో పెట్టుకొని కూర్చుని ఉంది. రాజన్నకు మనసులో దండం పెట్టుకొని, తను వేయించిన ఒట్టును తన చేతులతోనే తీసేసి, సీసా అతని నోటికి ఆనించింది. సగం కల్లు ఎడమ పక్క నుంచి కారి మెడలోకి పోయింది.

కాసేపటికి వేళ్ళు ముడుచుకున్నాయి. ఇంకాసేపటికి నోరు సరైంది. అంబదాస్ లేచి కూర్చుని, కండువాతో మెడ తుడుచుకున్నాడు.

"సూసిన్రా! సుక్క పడంగనె మనిషి లేసిండు!"

షెడ్డంతా నవ్వింది. ఓంప్రకాశ్ కూడా ఊపిరి పీల్చుకున్నాడు. "కల్లుదైతే ఫికర్ లేదు," అన్నాడు. "బీపీలు, గీపీలంటె మాత్రం నా షెడ్డుల వద్దు. బీపీతోటి బుచ్చిరాములు సాంచా మీద కూలినప్పటి సంది నాకు దడ వట్టుకున్నది. అందుకే ఆయన్ను ఇంటికి తోలిన. మల్లొక్కపారి అట్లయితె పోలీసులకు జవాబు నేను చెప్పాలె."

అంబదాస్ తల వంచుకొని నాడె తీసుకున్నాడు. అంతలో అతని కుడి చెయ్యి అంగి జేబు మీదికి పోయి, తడిమి, తిరిగి వచ్చింది. ఆ తడమడం శంకరవ్వ చూసింది. మిగతావాళ్ళంతా మనిషి బతికాడని సంతోషపడుతుంటే, ఆమెకు రెండే సంగతులు తలలో తిరుగుతున్నాయి. కల్లు గొంతు దిగీ దిగకముందే రోగం ఎట్లా పోయింది? జేబులో ఏముంది?

ఇంటికి రాగానే తలుపు దగ్గరికి వేసి అడిగింది.

"నాటకమాడినవ్ గదా?"

"నాటకమేందే!"

"ఒట్టు తీసెయ్యనీకి ఉపాయం. నా చేత్తోటే పోపిచ్చినవ్, పాపం నా నెత్తిన పడ్డది. రేపటి సంది మల్ల సీసలే గద?"

అంబదాస్ మంచం పట్టె మీద కూర్చుని ఎడమ అరచెయ్యి తెరిచీ మూసీ చూసుకుంటున్నాడు. "నాకు గుడ సమజైతలేదు. జరసేపు నా చెయ్యి నాది గానట్టే అయింది. కల్లు మానితెనే గిట్లయిందో ఏమో..."

"ఇగో, వచ్చె! గా మాట కోసమే సూస్తున్న."

అతను ఆమె వంక చూశాడు. ఏదో చెప్పడానికి నోరు తెరిచాడు కూడా. కానీ తలుపు తోసుకొని భూమవ్వ వచ్చింది. "మా తమ్మునికి దిష్టి తగిలింది" అంటూ ఎండుమిరపకాయలు, ఉప్పు గుప్పిట్లో పట్టుకొని తల చుట్టూ తిప్పడం మొదలుపెట్టింది. అంబదాస్ నోరు మూసుకున్నాడు.

మర్నాడు అతని అంగి ఉతుకుతుంటే జేబులో గట్టిగా తగిలింది. వెండిరంగు రేకు. అందులో చిన్న చిన్న తెల్లగోలీలు. సగం అయిపోయాయి, సగం ఉన్నాయి. రేకు మూల ఒకటి లోపలికి మడిచి ఉంది, జేబుకు గుచ్చుకోకుండా.

శంకరవ్వ చదువుకోలేదు గానీ తెలివితక్కువది కాదు. డిపోలు బందయినప్పుడు కల్లుకు బదులు నిద్రగోలీలు మింగి తూలినవాళ్ళను వాడలో ఎందరిని చూడలేదు! కల్లు మానాడంటే ఇందుకా! పిల్లి కళ్ళు మూసుకొని పాలు తాగుతూ, లోకం తనను చూడటం లేదనుకుంటుందట. గుండె భగ్గుమంది. అరుస్తూ షెడ్డుకు పోదామనుకుంది, ఆగింది. ఊరికే అడిగితే తలనొప్పి గోలీలంటాడు. రుజువు చేతిలో ఉండాలి. కులపెద్దల ముందు కూర్చోబెట్టి, అప్పుడు ముడి విప్పాలి. రేకును కొంగు చివర పెట్టి రెండు ముళ్ళు వేసి, బొడ్లో దోపుకుంది.

ఆ సాయంత్రం ఆమె చాట ముందు కూర్చుని తునికాకు కత్తిరిస్తూనే, అంబదాస్ మీద నుంచి కళ్ళు తీయలేదు. దండెం మీది అంగి తీశాడు, జేబు చూశాడు. రెండో అంగి చూశాడు. మంచం మీది బొంత దులిపాడు. గూట్లో అద్దం వెనక చెయ్యి పెట్టాడు.

"ఏం ఎతుకుతున్నవ్?"

"ఏం లే."

ఆకులో తంబాకు పోసి, చుట్టి, దారం వేసి, ఇనప గోరుతో కొస మడిచింది. ఇంకోటి చుట్టింది.

"నా అంగి ఉతికినవా?" అన్నాడు కొంతసేపటికి.

"ఉతికిన. జేబుల ఏమన్న ఉండెనా?"

అతను తడుముకున్నాడు. "చిల్లర."

"చిల్లరేం లేకుండె."

తేలు కుట్టిన దొంగలా నిలబడ్డాడు. అరవలేడు, ఊరుకోలేడు. ఆమెకు లోపల్లోపల ఎంత తృప్తిగా ఉందో! 'అడుగు, నోరు తెరిచి గోలీలేవని అడుగు, అప్పుడు చెప్తా' అనుకుంది. అతను అడగలేదు. ఆ రాత్రి భూమవ్వ సీసా తెచ్చి తాగించబోయినా ముట్టలేదు. మర్నాడు పొద్దున లేస్తూ తల పట్టుకున్నాడు, కళ్ళ ముందు మసగ్గా ఉందన్నాడు. గోలీలు దొరక్క నరాలు గుంజుతున్నాయని ఆమె లెక్క కట్టుకుంది. ఇద్దరిలో ఎవరు ఒక్క మాట విప్పినా పోయేది. కానీ ఆ ఇంట్లో ఆ రెండు రోజులూ మాటలు కూడా కొంగుకు కట్టేసినట్టే ఉన్నాయి.

ఆ తర్వాతి పొద్దు, నల్లా దగ్గర ఆడవాళ్ళంతా బిందెలు పెట్టుకొని నిలబడ్డారు. అంబదాస్ బయటికి వచ్చి, నిండిన బిందెను రెండు చేతులతో లేపి అరుగు మీద పెట్టి, చెప్పులు తొడుక్కున్నాడు.

"కట్ట దాక పోయొస్త."

మామూలుగా అయితే నీళ్ళు వదిలి కదలలేదు గనుక ఊరుకునేది. ఈసారి, గోలీలు లేవు గనుక డిపోకే పోతాడని, మిగతా బిందెలను పక్కామెకు అప్పగించి, కొంగు తల మీదికి లాక్కొని, అతను మలుపు తిరిగేదాకా ఆగి వెనకే బయలుదేరింది. ఎనభై అడుగుల ముందు అతను, వెనక గోడవార ఆమె. చేతికి చిక్కితే ఏమనాలో కూడా సిద్ధం చేసుకుంది. మొదటి మాట గట్టిగా అనాలి, డిపో ముందున్నవాళ్ళందరూ వినేట్టు.

డిపో వచ్చింది. పొద్దున్నే అక్కడ జనం. బల్లల మీద సీసాలు, బయట సైకిళ్ళు. శంకరవ్వ గోడ పక్కకు ఒదిగి ఊపిరి బిగబట్టింది.

అంబదాస్ డిపో దాటి పోయాడు. ఆగలేదు. తల కూడా తిప్పలేదు.

ఆమె నోట్లో సిద్ధంగా ఉన్న తిట్టు ఎటు పోవాలో తెలియక అట్లాగే ఉండిపోయింది. ఇంకొంచెం ముందు ఇంకేదైనా ఇల్లుందేమో, ఇంకెవతైనా ఉందేమో అని మనసు వెంటనే కొత్త దారి వెతుక్కుంది. అనుమానానికి ఒక తలుపు మూస్తే ఇంకో తలుపు ఉంటుంది కదా. ఎదురుగా పాలవ్యాను వచ్చింది. అంబదాస్ పక్కకు తప్పుకున్నాడు. వ్యాను పోయాక మళ్ళీ నడిచాడు.

అప్పుడు చూసింది. అతని ఎడమకాలి చెప్పు రోడ్డు మీద ఉండిపోయింది.

చెప్పు ఊడితే ఎవరైనా ఏం చేస్తారు? ఆగుతారు, వెనక్కి ఒక అడుగు వేసి కాలు దూరుస్తారు. అంబదాస్ ఆగలేదు. ఒక కాలికి చెప్పుతో, ఒక కాలు ఉత్తదిగా, కంకర మీద నడుస్తూ పోతున్నాడు. ఆ ఉత్త కాలు నేలను గీరుతోంది. అతనికి తెలియడం లేదు.

చూసేవాళ్ళుంటే నాటకం. ఇక్కడ ఎవరున్నారు? తను ఉన్నట్టు అతనికి తెలియదు. ఖాళీ రోడ్డు మీద, ఎవరి కోసం, ఏ మనిషి తన చెప్పు మరిచిపోయినట్టు నటిస్తాడు? శంకరవ్వకు షెడ్డులో నాడెకు పెదాలు ఆనించి, పోగు రాక, దాని వంక అతను చూసిన చూపు గుర్తొచ్చింది. ఆ చూపు కూడా నాటకం కాదు.

చెప్పు తీసుకొని ఉరికింది. ఆమె అందుకొనేసరికి అతను కరెంటు స్తంభాన్ని కుడి చేత్తో పట్టుకొని జారుతున్నాడు.

"ఏమయ్యా! ఏమైంది? చేతులు లేపు, రెండు చేతులు లేపు!"

కుడిది లేచింది. ఎడమది లేవలేదు. నోరు మళ్ళీ పక్కకు జారింది.

డిపో దగ్గరివాళ్ళు చూసి ఉరికొచ్చారు. అందరికంటే ముందు భూమవ్వ. పొద్దుటి సీసా కోసం వచ్చిందామె, సీసా చేతిలోనే ఉంది. "అయ్యో తమ్మీ! నే మొన్ననే చెప్పిన, గింత కల్లు కడుపుల పడాలె అని!" అంటూ తమ్ముడి తలను ఛాతీకి ఆనించుకొని, సీసా మూతికి పెట్టబోయింది. ఆమె కళ్ళలో నీళ్ళు. లోకంలో అంత ప్రేమగా ఎవరూ ఎవరికీ ఏమీ తాగించి ఉండరు.

శంకరవ్వ ఆ చెయ్యి పట్టుకుంది.

"వద్దు వదినె."

"పిచ్చిదానివా! మొన్న తాగితెనే గద తేరుకున్నది? మనిషి పోతుంటె ఒట్టు సూసుకుంటవా?"

చుట్టూ ఉన్నవాళ్ళూ అదే అన్నారు. మొన్న అందరూ కళ్ళారా చూసిన సంగతే అది. శంకరవ్వ దగ్గర ఉన్నది ఒక చెప్పు.

"కల్లు కావాలంటె డిపో ముంగటినుంచే పోయిండు గద, ఎందుకు ఆగలే?" అని అరిచింది. "తల గుడ తిప్పలే! నేను సూసిన! ఎనుక నుంచి సూసిన!"

భూమవ్వ ఇంకా వినలేదు. శంకరవ్వ సీసా గుంజి పక్కన మోరీలో పారేసింది. బట్టల మూటలు వేసుకొని పోతున్న ట్రాలీ ఆటోకు అడ్డం పోయి నిలబడింది. నలుగురు పట్టి అంబదాస్‌ను మూటల మీద పడుకోబెట్టారు. ఆటో కదిలాక చూసుకుంటే చెప్పు ఇంకా ఆమె చేతిలోనే ఉంది.

పెద్దాసుపత్రిలో పడుచు డాక్టరమ్మ అంబదాస్‌ను నవ్వమంది, చేతులు లేపమంది, కళ్ళలోకి లైటు వేసి చూసింది. అటు స్కానింగుకు తోలమని చెప్తూనే ఇటు తిరిగింది.

"ఎప్పుడు మొదలైందమ్మా?"

"గిప్పుడే మేడం, పొద్దుగాల."

"అట్లా కాదు. నిద్ర లేచేసరికే ఉందా? బాగా ఉండగా చివరిసారి ఎవరు చూశారు?"

"నేనే సూసిన. నల్లా బందు గాకముందు ఇంట్లకెళ్ళి ఎల్లిండు. నిండు బిందె రెండు చేతులతోటి లేపి అరుగు మీద వెట్టిండు. కల్లు డిపో దాటేదాక సక్కగ నడిచిండు. గప్పుడు పాలవ్యాను ఎదురొచ్చింది. అది పోంగనె చెప్పు ఊడింది."

డాక్టరమ్మ రాసుకోబోయి తలెత్తింది. "నువ్వు పక్కనే ఉన్నావా?"

శంకరవ్వ భర్త వంక చూసింది. అంబదాస్ స్ట్రెచర్ మీద కళ్ళు తెరిచే ఉన్నాడు.

"ఎనుక ఉన్న," అంది. "ఆయనకు తెల్వకుంట ఎంబడి వడ్డ. కల్లుకు పోతుండని... అనుమానం."

డాక్టరమ్మ నవ్వలేదు. నల్లా ఎప్పుడు బందవుతుందో, పాలవ్యాను ఎప్పుడు వస్తుందో అడిగి లెక్క చూసుకుంది. "వచ్చినవాళ్ళందరూ పొద్దున లేచేసరికి ఇట్లున్నాడంటారు. ఎప్పుడు మొదలైందో తెలియకపోతే మెదడులో రక్తం గడ్డను కరిగించే సూది ఇవ్వడానికి మాకు ధైర్యం చాలదు. నీకు తెలిసింది, తొందరగా తెచ్చావు. నీ అనుమానం ఇవాళ పనికొచ్చిందమ్మా. ఇంతకుముందు ఎప్పుడైనా ఇట్లా అయిందా?"

"మొన్న షెడ్డుల. జరసేపట్ల పోయింది. కల్లు వట్టిస్తే తగ్గిందనుకున్నం."

"కల్లుతో తగ్గలేదు. దానంతటదే తగ్గింది. అది ముందు పంపిన కబురు. అప్పుడే రావాల్సింది మీరు. మందులేమైనా వాడుతున్నాడా?"

శంకరవ్వ బొడ్లోంచి కొంగు తీసి ముళ్ళు విప్పింది. కులపెద్దల ముందు విప్పుదామని వేసిన ముళ్ళు బిగిసిపోయి, పళ్ళతో లాగాల్సి వచ్చింది.

"గివి ఏం గోలీలో సూడున్రి."

డాక్టరమ్మ రేకు తిప్పి చూసింది. "బీపీ గోలీలు. రోజూ వేసుకుంటున్నాడా?"

శంకరవ్వకు షెడ్డులో జేబు మీదికి పోయిన చెయ్యి, గూట్లో అద్దం వెనక వెతికిన చెయ్యి కళ్ళ ముందు ఆడాయి. "రెండు రోజుల సంది ఎయ్యలే," అంది.

"ఎందుకని?"

"జేబుల... దొరకలే."

ఈసారి తేలు కుట్టింది ఆమెను. స్ట్రెచర్ చక్రాలు కదిలాయి. అంబదాస్ కళ్ళు రేకు మీద నుంచి ఆమె మొహం మీదికి వచ్చి, తలుపు దాటేదాకా అక్కడే ఉన్నాయి.

వాడంతా ఆమెను మెచ్చుకుంది. అనుమానపు ముండ అని చాటుగా తిట్టినవాళ్ళే, "శంకరవ్వ లేకుంటే అంబదాస్ లేడు" అన్నారు. భూమవ్వ గడపలో కూలబడి, "నా చేత్తోటి తాపిద్దును గదనే" అని గుండెలు బాదుకుంది. ఎవరు పొగిడినా శంకరవ్వ తలూపి లోపలికి పోయేది.

సూది పనిచేసింది, అంబదాస్ నడుచుకుంటూనే ఇంటికి వచ్చాడు. నోరు సరైంది. ఎడమకాలు కొంచెం ఈడుస్తుంది, ఎడమచేతి వేళ్ళతో ముడి వేయడానికి కుస్తీ పడుతున్నాడు. ఆమె బీడీదారం ముక్క ఒకటి ఇస్తే, పొద్దంతా దానితోనే కూర్చుంటాడు. ఓంప్రకాశ్ వచ్చి పండ్లు పెట్టి, చాయ్ తాగి, సాంచాల మాట ఎత్తకుండానే పోయాడు.

ఆ వెనకే, మొదట ఆ గోలీలిచ్చిన బస్తీ దవాఖాన సిస్టరు పద్మలత వచ్చింది. చేతికి పట్టీ చుట్టి బీపీ చూసి, కొత్త గోలీల రేకు ఒకటి తీసి, పాత రేకు పక్కన పెట్టింది.

"ఈయన అంత మాట వినేటోణ్ణి నేను సూడలే," అంది శంకరవ్వతో. "తొక్కు, ఉప్పు తగ్గియ్యమన్న, తగ్గిచ్చిండు. బీడీ, కల్లు మానుమన్న, మానిండు. పొద్దుగాల నడువుమన్న, నడిచిండు. ఇంట్ల చెప్పుమన్న. అదొక్కటే చెయ్యలే."

"చెప్తె ఇది అక్కకు చెప్తది," అన్నాడు అంబదాస్, మాటను మెల్లగా కూడబలుక్కుంటూ. "అక్క వాడకు చెప్తది. వాడ ఓంప్రకాశ్‌కు చెప్తది."

సిస్టరు నవ్వింది. పోతూ పోతూ బీడీల చాట వంక చూసింది గానీ ఏమీ అనలేదు. ఆ వాడలో చాలా ఇళ్ళకు బియ్యం వచ్చేది ఆ చాటలోంచే అని ఆమెకు తెలుసు.

ఇద్దరే మిగిలారు. శంకరవ్వ చాట ఒళ్ళోకి లాక్కుంది. కత్తెర తీసుకుంది. ఆకు తీసుకుంది, కత్తిరించకుండా పట్టుకొని కూర్చుంది. ఇన్నాళ్ళుగా నాలుక చివర ఉన్న మాట ఇప్పుడు చెప్పకపోతే ఇక చెప్పలేనని అనిపించింది.

"నీకొక ముచ్చట చెప్పాలె," అంది. "ఆ గోలీలు..."

అంబదాస్ గోడ పట్టుకొని లేచాడు. ఎడమకాలు ఈడ్చుకుంటూ ఆమె దగ్గరికి వచ్చి, వెనకటిలా చాట మీదికి వంగాడు. అలవాటు కొద్దీ ఆమె కత్తెర పైకి లేచింది. అతను బీడీలు తీసుకోలేదు. మూల మడిచిన ఆ పాత రేకునూ కొత్త రేకునూ కుడిచేత్తో బీడీల పక్కన పెట్టాడు.

"గీడ ఉండనీ," అన్నాడు. "జేబుల వెడితె దొరుకుతలేవు."

కత్తెర ఆమె చేతిలో అట్లాగే ఉండిపోయింది. అతను కట్ట దాకా నడిచి రావడానికి చెప్పులు తొడుక్కుంటున్నాడు. ఎడమ చెప్పుకు వెనక పట్టీ కుట్టించింది ఆమె. అది బిగించుకోవడం అతనికి ఇంకా చాతకావడం లేదు. శంకరవ్వ చాట పక్కన పెట్టి లేచి, వంగి, పట్టీ బిగించింది. ఆ రోజు ఆమె తిట్టలేదు.